ప్లగ్గు నోరు కిందికి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంట్లో అడిగినా, విమానాశ్రయంలో అడిగినా ఇదే చెబుతారు. ఆ ఏడాది వానాకాలంలో మాత్రం నా కోపమంతా ఒక్క విషయం మీదే. నా బండిని తీసేస్తామన్నారు.

బండి అంటే కారో లారీయో కాదు. విమానం వచ్చి ఆగాక పెద్ద ఇంజిన్లు ఆపేస్తారు. అయినా లోపల లైట్లు వెలగాలి, పైలట్ల ముందున్న మీటర్లు పనిచేయాలి. అందుకు కావలసిన కరెంటును తయారుచేసి, లావాటి కేబుల్‌తో విమానం ముక్కు కింద అందించే డీజిల్ జనరేటరు బండి అది. నాది అంటున్నాను గానీ విమానాశ్రయానిదే. కానీ పదకొండేళ్లు దాని ఆయిలు మార్చిందీ, బెల్టులు చూసుకున్నదీ, ఎండాకాలం పక్కన నిలబడి మాడిందీ నేను. అది ఒక్క విమానాన్ని కూడా చీకట్లో ఉంచలేదు. ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను, ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనీ.

అంతకుముందు పెదపాడు నుంచి కొల్లేరు అంచు దాకా చేపల చెరువుల మీద తిరిగి ఇంజిన్లూ, ఏరియేటర్ల మోటార్లూ బాగుచేసేవాణ్ణి. ఏరియేటరంటే నీళ్లను చిలికి చేపలకు గాలి అందించే చక్రం. తెల్లవారుజామున అది ఆగిందంటే పొద్దెక్కేసరికి చెరువు నిండా చేపలు తేలతాయి, రైతు నెత్తిన చేతులు పెట్టుకుని గట్టు మీద కూర్చుంటాడు. అలాంటివి రెండు చూశాక మోటారు ఆగకుండా చూడటం నాకు ఒంటబట్టేసింది.

అలాంటి నా దగ్గరికి ఒక చిన్నపిల్ల వచ్చి, మీ బండి అవసరం లేకుండా చేద్దామండీ అంటే ఒళ్లు మండదా మరి?

ఆ అమ్మాయి మా కొత్త ఎలక్ట్రికల్ ఇంజనీరు. తాడేపల్లిగూడెం పిల్ల, వాళ్ల నాన్నగారిది పౌరోహిత్యం. వాళ్ల ఊళ్లో రెండో ప్రపంచయుద్ధం నాటి పాత రన్‌వే మీద సైకిలు తొక్కడం నేర్చుకుందట. నన్ను బాబాయ్‌గారూ అని పిలిచేది. విషయం కూడా ఓపిగ్గానే చెప్పింది. కొత్త టెర్మినల్ కడుతున్నారు, విమానాలు నిలిపే చోట్లు రెట్టింపవుతాయి. విమానాలు పెరగాలి, ఆదాయం పెరగాలి, పొగ మాత్రం పెరగకూడదని పైవాళ్లు నిర్ణయించారు. గాల్లోకి లేచాక వచ్చే పొగ మన చేతుల్లో లేదు, నేల మీద ఉన్నంతసేపూ వచ్చేదానికి మాత్రం మనమే బాధ్యులమంది. రన్‌వేకి దూరంగా ఖాళీ స్థలంలో అప్పటికే సోలార్ పలకలు పరిచి ఉన్నాయి. ఆ కరెంటును నా బండికి బదులు విమానాలకు అందించే పెట్టెలు రెండు చోట్ల పెట్టి, ఒక నెల పరీక్షిస్తారు. నిలబడితే కొత్త చోట్లన్నిటికీ అవే. నిలబడకపోతే మరో మూడు డీజిల్ బండ్లు.

ఆ మూడూ వస్తే వాటి మీద సూపర్‌వైజరువి నువ్వేనని మా మేనేజరు ముందే నా చెవిన వేశారు. కాబట్టి ఆ పరీక్ష పోవాలని నేను మనసారా కోరుకున్నాను. దాచడమెందుకు?

పోయేటట్టే ఉంది కూడా. మొదటి వారంలోనే మూడుసార్లు, పొద్దున్నే వచ్చే విమానానికి ప్లగ్గు పెట్టగానే పెట్టె ట్రిప్పయి కరెంటు ఆగిపోయింది. పైలట్ విసుక్కున్నాడు. పక్కనే సిద్ధంగా ఉన్న నా బండి అందుకుంది. పెట్టెలు తయారుచేసిన కంపెనీవాళ్లు మధ్యాహ్నం విమానంలో దిగి, అన్నీ విప్పి చూసి, ఏ లోపమూ లేదని సాయంత్రానికి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్న మళ్లీ అదే వరస. నేను మీసం దువ్వుకున్నాను.

ఎందుకు పోతోందో నాకు మొదటి రోజే తెలుసు. వాన తగలకుండా డ్యూటీవాళ్లు ఆ ప్లగ్గుకి పాలిథిన్ కవరు గట్టిగా చుట్టి, తాడు కట్టి, నోరు పైకి ఉండేలా కొక్కేనికి తగిలిస్తున్నారు. రాత్రంతా కవరు లోపల చెమ్మ పట్టి, ప్లగ్గు రంధ్రాల్లోకి నీళ్లు దిగుతాయి. మధ్యాహ్నానికి ఎండకు ఆరిపోతాయి, కంపెనీవాళ్లకి ఏమీ కనబడదు. చెరువుల మీద ఈ తప్పు చేయనివాడు లేడు, చేశాక నేర్చుకోనివాడూ లేడు. అక్కడ ఏ ప్లగ్గునీ చుట్టరు. నోరు కిందికి పెట్టి కర్రకి వేలాడదీసి, పైన మూతవైపు కోసేసిన ఆయిలు డబ్బా బోర్లిస్తారు. వాన పైనుంచి జారిపోతుంది, గాలి కిందనుంచి ఆడుతుంది. అంతే సంగతి. అది చెప్పడానికి నాకు నోరు రాలేదు.

రెండో వారం చివర ఆ అమ్మాయి కాగితాలు పట్టుకుని మా షెడ్డుకి వచ్చింది. జుట్టు తడిసి ఉంది. తెల్లారకముందే వచ్చి ఆ ప్లగ్గు మీద గొడుగు పట్టుకుని నిలబడిందని డ్యూటీవాళ్లు అప్పటికే నాతో చెప్పి నవ్వారు. అయినా ట్రిప్పయింది. ఇక పరీక్ష ఆపేద్దామని తనే రాసి ఇస్తోందట. అందులో నా గురించి కూడా రాశానని, తప్పులుంటే చెప్పమని చదివి వినిపించింది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆగని బండి అని, దాన్ని అలా చూసుకున్న మనిషి ఈయనని, కొత్త బండ్లు ఈయన చేతికే ఇవ్వాలని రాసింది. పదకొండేళ్లలో ఆ మాట కాగితం మీద పెట్టినవాళ్లు లేరు. నాకు తల కొట్టేసినట్టయింది.

"అది ఇవ్వకమ్మా," అన్నాను. "ఎందుకు పోతోందో నాకు తెలుసు. మొదటి రోజునుంచీ తెలుసు. కావాలనే చెప్పలేదు."

తను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఇప్పుడు చెప్పారు కదండీ," అంది. "పదండి, చూపిద్దురుగాని."

విమానాల దగ్గర గాలికి ఎగిరే వస్తువేదీ ఉండకూడదు, అందుకని ఆయిలు డబ్బా పనికిరాదు. ఆ అమ్మాయి పై అధికారుల అనుమతి తెచ్చింది. నేను ఏలూరులో దగ్గరుండి రేకుతో గొడుగులాంటి మూతలు రెండు చేయించాను. స్తంభానికి బోల్టులు వేసి బిగించాం. ప్లగ్గు నోరు కిందికి పెట్టాం. పాలిథిన్ కవర్లన్నీ నేనే పోగుచేసి చెత్తలో పారేశాను.

ఆ రాత్రి కొల్లేరు మీదనుంచి వచ్చిన వాన తెరిపివ్వలేదు. పొద్దున్న మొదటి విమానం వచ్చి ఆగేసరికి నేలంతా నీళ్లు. పక్కన నా బండిని సిద్ధంగా పెట్టుకుని నిలబడ్డాను. ప్లగ్గు నేనే పెట్టాను. పెట్టె మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. పది నిమిషాలయింది, అరగంటయింది, అది ఆరలేదు. విమానం కింద నిలబడితే తిరుగు ప్రయాణానికి మెట్లు ఎక్కుతున్నవాళ్ల మాటలు వినబడ్డాయి. ఎవరో పెద్దావిడ, ఏవండీ జాగ్రత్త, మెట్లు తడిగా ఉన్నాయి అంటోంది. బండి హోరు లేదు కదా, అక్కడ మనుషుల మాట వినడం నాకు అదే మొదటిసారి. నిజం చెప్పొద్దూ, గర్వంతో ఏడుపొచ్చింది. వానలో ఎవరికీ తెలియలేదు.

నెల నిండేదాకా పెట్టె మళ్లీ ట్రిప్పవలేదు. పెద్ద అధికారులు వచ్చి ఆ రేకు మూత ఏమిటని అడిగితే, ఆ అమ్మాయి పక్కకి జరిగి నన్ను ముందుకు నిలబెట్టింది. మీరు తెలుగులోనే చెప్పండి, నేను వాళ్లకి చెబుతానంది. కొల్లేరు చెరువుల మీద ఇలాగే చేస్తామని చెప్పాను. ఒకాయన ఆ మూత కొలతలు రాసుకున్నాడు. ఇప్పుడు కొత్త చోట్లన్నిటికీ అవే మూతలున్నాయి. ఆ పెట్టెలు చూసుకునే పని నాకిచ్చారు. సూపర్‌వైజరు పోస్టు రాలేదు, డీజిల్ బండ్లే రానప్పుడు అదెక్కడినుంచి వస్తుంది?

కిందటి నెల నా బండిని తీసుకెళ్లడానికి లారీ వచ్చింది. తోసి ఎక్కిద్దామన్నారు డ్రైవరూ క్లీనరూ. నాకు కోపం వచ్చింది. ఇది పాడైన బండి కాదు, ముందు దీని చప్పుడు వినండన్నాను. అది మూగగా వెళ్లిపోకూడదని చివరిసారి తాళం తిప్పాను. నెలల తరబడి మూల పడి ఉన్న ఇంజిన్, మొదటి తిప్పుకే అందుకుంది. డ్రైవరు ఆశ్చర్యపోయి, ఇంత మంచి బండిని ఎందుకు తీసేస్తున్నారండీ, ఎప్పుడైనా ఫెయిలయిందా అని అడిగాడు.

"ఎప్పుడూ ఫెయిలవలేదు," అన్నాను. "దీన్ని ఓడించింది నేను."