ఆడి పద్దెనిమిదికి బోర్లించిన బల్ల

మొన్న మనవరాలు ఫోన్‌లో చీర చూసుకుంటూ, మధ్యాహ్నం లోపల ఆర్డర్ పెడితేనే పండగకి అందుతుందట అవ్వా అని చెప్పి, తీరా అన్నం తిని వచ్చేసరికి గడువు దాటిపోయిందని చూసి, ఫోన్ పక్కన పెట్టేసింది. ఎవరినీ బతిమాలలేదు, ఎవరిమీదా అలగలేదు. ఆ పిల్ల ఓర్పుకి ముచ్చట పడాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది. ముత్తియాల్‌పేటలో మా పెదనాన్న పెట్టిన గడువుని కూడా జనం ఇలాగే ఒప్పుకుని ఉంటే ఎంత బాగుండేది.

అవి డెబ్బైల నాటి మాటలు. పెదనాన్నది లుంగీలు, తువ్వాళ్లు నేయించే వ్యాపారం. ఇంటి వెనక రంగు బానలు, పక్క కొట్టంలో మగ్గాలు, బడి నుంచి రాగానే కండెలు చుట్టడానికి మా ఆడపిల్లలం. దీపావళికి బజారు కొట్లవాళ్లు అడిగే సరుకే మాకూ, మా నేతగాళ్లకూ ఏడాది కూడు. మాది తమిళ తీరం, అక్కడ దీపావళి వానల్ని వెంటేసుకుని వస్తుంది. నూలుకి రంగు వేసి ఆరబెట్టాలన్నా, వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పెట్టాలన్నా ఎండ కావాలి. అందుకని పెదనాన్న పండగ నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వచ్చి, తమిళుల ఆడి నెల పద్దెనిమిదో నాడు, అంటే ఆగస్టు మొదట్లో, ఏటి కొత్తనీటికి చేసే పెరుక్కు పండగ దగ్గర ఆగేవాడు. ఆ సాయంత్రం దాకా వచ్చిన ఆర్డర్లకి సరిపడా నూలు కొనేవాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లు పొంగలు పండగ సరుకుకి చెప్పుకోవాల్సిందే.

ఆ రోజు పెద్దమ్మ నేతగాళ్లందరికీ పులిహోర, కొబ్బరన్నం పెట్టి, దీపం వెలిగించాక, కొట్లవాళ్లు వచ్చి కూర్చునే అరుగు మీది బల్లని పెదనాన్నా తనూ చెరో కొసా పట్టుకుని బోర్లించేవాళ్లు. అంతే, ఇక ఎంత పెద్ద షావుకారు వచ్చినా కాఫీ ఇచ్చేవాళ్లు గానీ నిలబడి తాగి వెళ్లాల్సిందే. బోర్లించిన బల్లని చూసి వీధి మలుపులోనే వెనక్కి తిరిగిపోయిన వాళ్లని నేను ఎరుగుదును.

ఒక ఏడు, బల్ల బోర్లించి నెల దాటాక, పెద్దమ్మ సొంత తమ్ముడు వచ్చాడు. మాకు మామయ్య, రెడ్డియార్‌పాళయంలో కొత్తగా బట్టల కొట్టు తెరిచాడు. "ఏంది బావా, నాకూ గడువేనా?" అని నవ్వుతూ తనే బల్ల తిరగేసి కూర్చున్నాడు. పెదనాన్న ఆకాశం కేసి చూపించి, "నాకేం లేదురా, వాన యాడ ఆగుతాది?" అన్నాడు. పెద్దమ్మ మాత్రం తలుపు పక్కన నిలబడి పైటకొంగు చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. పుట్టింటి వాణ్ణి ఉత్త చేతులతో పంపితే పెదనాన్న ఆవిడ మొహం ఎలా చూస్తాడు? ఒప్పుకున్నాడు. ఆ ఒక్క మొహమాటం మా కొంప ముంచింది.

ఆ ఏడు వాన ముందే దిగింది. తడి నూలుని ఇంట్లో దండేలకి వేలాడదీసి కింద కుంపట్లు పెట్టాం; అన్నంలో కూడా పొగ వాసనే. రంగు ఒక దగ్గర ముదురు, ఒక దగ్గర వెలిసినట్టు తేలింది. మామయ్య సరుకు కోసం మిగతావాళ్ల నేత ఆపడంతో, గడువు లోపల అడిగిన వాళ్ల సరుకూ ఆలస్యమైంది. ముందుగా వచ్చి మాట నిలబెట్టుకున్న వాళ్లే నష్టపోయారు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మామయ్య సరుకు వీధుల్లో టపాకాయల చెత్త ఊడ్చేశాక అందింది, రెండో నాటికి మూటలు మూటలుగానే తిరిగొచ్చింది.

మరుసటేడు పెరుక్కు పండగకి పెదనాన్న ఎప్పటిలాగే బల్ల బోర్లించాడు. తర్వాత వచ్చిన కొట్లవాళ్లు ఒక్కొక్కరే దాన్ని తిప్పుకుని కూర్చుని, "మీ బామ్మర్దికో న్యాయం, మాకో న్యాయమా?" అన్నారు. గడువు వినాయక చవితికి జరిగింది, తర్వాత నవరాత్రులకి, తర్వాత ఎవరికి తోచినప్పుడు వాళ్లకి. ఎంత అడుగుతారో తెలియక ఊహ మీద నూలు కొంటే మిగిలిపోయేది, కొనకపోతే చాలేది కాదు. ఎనభైలు వచ్చేసరికి నేతగాళ్లు ఒక్కరొక్కరే మేట్టుపాళయం ఫ్యాక్టరీల దారి పట్టారు. పెద్దమ్మ తమ్ముడి ఊసు ఎత్తడం మానేసింది. పెదనాన్న ఆవిణ్ణి ఒక్క మాటా అనలేదు. అనేస్తే బాగుండేదేమో, ఆవిడ ఒక్కసారి ఏడ్చి ఊరుకునేది.

ఇప్పుడు గడువు చెప్పేది ఫోను. దానికి బామ్మర్దులు లేరు, తలుపు పక్కన నిలబడే పెళ్లామూ లేదు, కాబట్టి దాని మాట చెల్లుతోంది. మనిషి మాట మొహమాటం అడ్డురానన్నాళ్లే చెల్లింది, ఇక చెల్లదు కూడా. చివరి రోజుల్లో పెరుక్కు పండగ సాయంత్రాలు పెదనాన్న ఆ బల్లని బోర్లించేవాడు కాదు. దాని మీద ఒక కొసన తనే కూర్చుని, పక్కన ఇంకొకరికి చోటు వదిలి, ఏ కొట్టువాడైనా వస్తాడేమోనని దీపాలు పెట్టే దాకా వీధి మలుపు కేసి చూస్తూ ఉండేవాడు.