గేటు పక్క తంగేడు

మా ఇల్లు నల్లగొండ చివర, ఒకప్పుడు సాగులేని పడావు భూముల్లో లేచిన కాలనీలో ఉంది. వచ్చిన కొత్తలో ప్లాట్ల మధ్య తంగేడు పొదలుండేవి. ఇళ్లు పెరిగేకొద్దీ అవి పోయాయి. చివరికి ఎదురింటి గోడ పక్కన ఒక్కటి మిగిలింది. సద్దుల బతుకమ్మనాడు తాంబాళంలో అడుగు వరుసకు తంగేడు చాలక, వెళ్లి అడిగాను.

"బజార్ల అమ్ముతాండ్రు గద చెల్లే, కొనుక్కోరాదు," అంది ఎదురింటి అక్క. ఆమె పొద నిండా పూలున్నాయి. ఆ ఏడు గునుగు పూలతోనే పేర్చాను.

వానలు పడగానే నకిరేకల్ దారిలోని గుట్ట మీంచి ఒక మొక్క తవ్వి తెచ్చి మా గేటు పక్కన పెట్టాను. ఎండిపోయింది. ఇంకోటి తెచ్చాను, అదీ పోయింది. వేరు లోతుకు దిగే చెట్టట, తవ్వితే బతకదట. రెండూ చచ్చాక చెప్పాడు మా ఆయన. "మేకలు సుత ముట్టని చెట్టుకు గింత సేవనా," అని కూడా అన్నాడు. అదీ గుర్తుంది.

ఎండుకాయల్లోంచి గింజలు తీసి, వేడినీళ్లలో నానబెట్టి నాటాను. మొలిచింది. గులాబీకి పోసినట్టు రోజూ నీళ్లు పోశాను, పేడ వేశాను. ఆకులే తప్ప పువ్వు లేదు. విసిగి వదిలేశాను. బోరు ఎండిన ఏడు కొమ్మ కొమ్మకూ పూసింది.

ఈలోగా ఎదురింటివాళ్లు కారు కోసం బండలు పరిచి వాళ్ల పొదను కొట్టేశారు. సద్దులనాడు పొద్దున లేచి చూస్తే నా చెట్టు సగం బోడిగా ఉంది. సాయంత్రం ఎదురింటి బతుకమ్మ అడుగున దిట్టంగా తంగేడు.

"బతుకమ్మ పూలకు అడుగుడేంది చెల్లే," అంది అక్క, నవ్వుతూ.

నిరుడు సద్దులనాడు తెల్లవారకముందే చెట్టు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆమె గంపతో గేటు తీసి, నన్ను చూసి ఆగింది.

"పూలకొచ్చినవా అక్కా?"

"మరి దేనికొస్త?"

"అయితే అడుగు."

ఆమె గంప కింద పెట్టింది. "గా బజారు మాట ఇంకా కడుపుల పెట్టుకున్నవా?"

"పెట్టుకున్న."

"జర గిన్ని పూలియ్యి చెల్లే," అంది, నేల చూస్తూ.

ఇన్నేళ్లూ దీనికోసమే ఆ చెట్టును సాకాను. తీరా విన్నాక సంతోషమేమీ కలగలేదు. చలికి నడుము పట్టేసింది, అంతే. లేచి, అందని కొమ్మను వంచి పట్టుకున్నాను. ఆమె కోసుకుంది. గంప నిండాక కొంగు కూడా పట్టింది.

అదీ చూశాను.