తల వంచనక్కరలేని ప్రశ్న

మొన్న శనివారం భజనకు జనం చేరుతుండగా, తిరుపతి వెళ్లివచ్చిన మా మృదంగం తాత చెప్పులైనా విడవకుండా వాకిట్లో నిలబడి, "సామీ, ప్రశ్నల సార్ పోయినాడంట" అన్నాడు. వీధి చివరిదాకా వినపడే గొంతు నాది. ఆ సాయంత్రం మాత్రం నామం తాతనే ఎత్తుకోమన్నాను.

ఆయన తిరుపతి కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. నేతపనివాళ్ల అలవాట్ల మీద పరిశోధనకని ప్రశ్నల కాగితాలు పట్టుకుని మా నగరి మగ్గాల వీధికి వచ్చారు. ఆ పేరు అలా వచ్చింది. నేను బడిలో పెద్దగా చదివినవాణ్ణి కాను. పురాణం చంకన పెట్టుకుని సారాయి మీద నిప్పులు చెరగడమే నా పని.

ఆయన మొదటిసారి నా ఉపన్యాసం విన్నరోజు, "ఈడ సారాయి ముట్టే పాపిష్టోడు ఎవుడైనా ఉండాడా? ఉంటే చెయ్యెత్తండి!" అని గర్జించాను. ఒక్క చెయ్యి లేవలేదు.

"సూసినారా సార్, మా వీధి బాగుపడింది" అన్నాను.

ఆయన పడీపడీ నవ్వారు. "పాపిష్టోడని ముందే పేరు పెట్టేస్తివి. ఇంక చెయ్యెత్తేవోడు యాడుంటాడప్పా?"

నాకు రోషం వచ్చింది. "అయితే మీరు అడిగి సూపించండి!"

చూపించారు. వీధికి ఒకవైపు ఇళ్లలో "సారాయి తాగుతారా?" అని అడిగారు. రెండోవైపు, "మగ్గం దిగినాక ఒళ్లునొప్పులకు కొందరు టీ తాగుతారు, కొందరు బీడీ కాలుస్తారు, కొందరు సారాయి పోసుకుంటారు. మీరేం చేస్తారు?" అని అడిగారు. ఒకవైపు అందరూ చెవులు మూసుకున్నారు. రెండోవైపు ఏ అంగట్లో నీళ్లు కలుపుతారో కూడా చెప్పారు! ఒకే వీధి, ఒకే జనం. నేను నోరు తెరుచుకుని చూశాను. అయితే ఆ వైపే కాపురముండే మృదంగం తాత, పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టనివాడు, "అప్పుడప్పుడూ సారాయే" అనేశాడు.

"సారాయి కూడా టీ మాదిరి అందరూ తాగేదే అన్నట్టు అడిగితే, నేనొక్కడే ముట్టనని ఎట్ల సెప్పేది సామీ?" అన్నాడు తర్వాత.

సార్ దానికీ సంబరపడ్డారు. "సూడు, నా ప్రశ్న కూడా ఒకపక్కకు తోసింది!" అని రాసుకున్నారు.

ఆయన మా ఇంటికొస్తే "భోంచేసినావా?" అనేవారు కాదు, "ఏం తిన్నావు?" అనేవారు. అదేమని అడిగితే, "మొదటిదానికి పస్తున్నోడు కూడా ఊ అంటాడు" అన్నారు. ఇంకోమాట తరచూ చెప్పేవారు: "ప్రశ్న గుమ్మం మాదిరి ఉండాల. మనిషి తల వంచకుండా లోపలికి రావాల."

ఆ రోజుల్లోనే మా చెల్లెలు ఏడుస్తూ వచ్చింది. "అన్నా, మా ఆయన చేతులు ఎట్ల వణుకుతుండాయో సూసినావా? అన్నం సయించడం లేదు. ఇట్లే ఉంటే నాకు దక్కడు." పరుగున వెళ్లి ఆమె భర్తను నిలదీశాను. "నువ్వు తాగడంలేదు కదప్పా?" "సామి మీద ఒట్టు బావా!" అన్నాడు. అలాంటి ఒట్లు వరసగా వేశాడు.

చివరికి సార్‌ను పిలుచుకుపోయాను. ఆయన మగ్గం పక్కన నేలమీద కూర్చుని, కాగితం తీయకుండా, మెల్లగా అడిగారు: "పొద్దున లేస్తానే చెయ్యి వణికితే, నిలబెట్టుకునేదానికి ఏం చేస్తావబ్బా?"

అతను తన చెయ్యి చాపి చూపించాడు. "కొంచెం పోసుకుంటా సార్. పోసుకోకుంటే దారం పట్టలేను."

తలుపు దగ్గర మా చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను తిట్టడానికి నోరు తెరిచి మూసుకున్నాను. మడుగులో మొసలి పట్టిన ఏనుగు మొర పెట్టినప్పుడు, "అసలు నీళ్లలోకి ఎందుకు దిగావు?" అని స్వామి అడగలేదు. ఎన్నిసార్లు చెప్పానో ఆ కథ! అందులో అడగని ప్రశ్న ఒకటుందని ఆ రోజే తెలిసింది.

మర్నాడే సార్ అతణ్ణి తిరుపతి పెద్దాసుపత్రికి వెంటబెట్టుకుని వెళ్లారు. మనిషి దక్కాడు. ఈ వేళకీ నేస్తున్నాడు.

ఆ పొద్దున బస్సు ఎక్కించడానికి నేనూ వెళ్లాను. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఇంజను మోతలో సార్ అతని వైపు వంగి ఏదో అడిగారు. నాకు వినపడలేదు. బస్సు కదిలింది. కిటికీలో అతని పెదవులు కదులుతూనే ఉన్నాయి, బస్సు పుత్తూరు రోడ్డెక్కి కనుమరుగయ్యేదాకా.