అతుకు వినే మా తమ్ముడు

మా తమ్ముడు తాను వెల్డింగు చేసిన అతుకును కళ్లతో నమ్మేవాడు కాదు. సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, చెవి ఆనించి వినేవాడు. చీరాలలో ట్రాక్టర్ ట్రక్కులు కట్టిన రోజుల నుంచీ అంతే. గంటలా మోగితే సరే. బొంగురుగా పలికితే కోసి మళ్లీ అతికేవాడు.

ఆ పనితనం చూసే, సైన్యానికి ఎనిమిది చక్రాల ఉక్కుబండి తయారుచేస్తున్న ఫ్యాక్టరీవాళ్లు వాడిని తీసుకెళ్లారు. కింద మందుపాతర పేలినా లోపలి జవాన్లు బతకాలి. అందుకని ఒక బండి కట్టడం, దాన్ని పేల్చి చూడటం, లోపం పట్టుకుని ఇంకోటి కట్టడం. ఏళ్ల తరబడి ఆ మోతల్లో వాడి చెవులు మందగించాయి.

ఒక ఏడు మిరపకోతలప్పుడు ఇంటికొచ్చి, అతుకు మోత సరిగా వినబడటం లేదని, ఉద్యోగం మానేస్తానన్నాడు. కళ్లంలో తాలుకాయలు ఏరుతున్న నేను మండిపడ్డాను.

"ఒరేయ్, వినబడకపోయినా వినబడిందని చెప్పు. అతుకులు చూడ్డానికి మిషన్లున్నాయిగా!"

"లోపల కూర్చునేవాడికి అబద్ధం చెప్పమంటావా అక్కా?" అన్నాడు. అన్నట్టే మానేశాడు.

తర్వాత పూర్తిగా చెవుడొచ్చింది. వాడితో మాట్లాడాలనే నేను అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. మొదట రాసి చూపించింది ఇదే: "ఆ రోజు తప్పు మాట అన్నాను రా."

చదివి నవ్వాడు.

"ఏ రోజు? అప్పటికే నీ మాటలు నాకేం వినబడేవి కాదక్కా."

వినబడకుండానే నాకు ఎదురు జవాబు చెప్పాడా? నిరుడు పోయాడు. నాకు తెలిసి మా తమ్ముడు జన్మలో ఆడిన అబద్ధం అదొక్కటే. అదీ నాకోసం ఆడాడు.