సార్జెంట్‌కి బార్లీ

నైరీ పుల్లర్‌ను నేను మొదట చూసింది కబేళాలో. అప్పుడామెకు ఇంకా పెళ్ళి కాలేదు. ఇద్దరం ఒకే వరుసలో నిలబడి గొర్రెల తోలు తీసేవాళ్ళం. పక్కనున్నవాడు ఒకడు ఆమె నడుం మీద చెయ్యి వేశాడు. ఆమె కత్తి తిరగేసి పట్టుకుని, పిడితో వాడి మూతి మీద కొట్టింది. పళ్ళు రాలాయి. వాడు నెత్తురు ఉమ్ముకుంటూ బయటికి నడిస్తే, ఆమె కత్తి కడుక్కుని తర్వాతి గొర్రెను అందుకుంది.

తర్వాత ఆమె మర్డో అనే రైతును పెళ్ళి చేసుకుని కాట్లిన్స్ కొండల్లోకి కాపురానికి వెళ్ళింది. నేను కబేళా మానేసి, వ్యాను కొనుక్కుని, ఎవరింటి పశువును వాళ్ళింటి దగ్గరే కోసిపెట్టే పనిలో పడ్డాను. ఏడాదికోసారి వాళ్ళ దొడ్డికీ వెళ్ళేవాణ్ణి. మర్డో కష్టజీవే గాని, చేతిలో ఎప్పుడూ ఓ ఇనప గొట్టం ఉండేది. పశువు కదలకపోతే మూతి మీద ఒక్కటి వేసేవాడు. నైరీ మీద మాత్రం ఎన్నడూ చెయ్యెత్తలేదు. కబేళా సంగతి అతనికీ తెలుసు.

ఆ గొట్టం దెబ్బలు ఎక్కువ తిన్నది సార్జెంట్. ఎర్రటి ఒళ్ళు, తెల్లటి మొహం, కొమ్ములున్న ఆబోతు. ముసలిదైపోయి, వెనక కాలు ఈడుస్తూ, ఆవుల మీదికి ఎక్కలేకపోతోంది. దాన్నేం చెయ్యాలో ఆలుమగలకు కుదరలేదు.

"కబేళా లారీ ఎక్కించెయ్. దాని మొహం చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది" అన్నాడు మర్డో, నా ముందే.

"ఫ్రీజర్‌లో ఏముందని లారీ ఎక్కిస్తాం? కొన్నాళ్ళు మేపి మనమే కోసుకుందాం" అంది నైరీ.

"ముసలి ఆబోతు మాంసం తినాలంటే దవడలు అరువు తెచ్చుకోవాలి."

"నీ దవడలకి పని తగ్గితే మాటలెక్కువవుతున్నాయి. తిను."

ఆ మాట అలాగే ఉండిపోయింది. ఈలోపు కొత్తగా కొన్న కోడె కంచె విరగ్గొట్టుకుని సార్జెంట్ ఉన్న గడ్డిలోకి వచ్చింది. రెండూ తలలు ఆనించి కుమ్ముకుంటుంటే బురదంతా దున్నినట్టయింది. కోడె కొమ్ము సార్జెంట్ పక్కలో దిగింది. మర్డో కుక్కను ఉసిగొలిపి, గొట్టం పట్టుకుని మధ్యలో దూరాడు. సార్జెంట్ ఓడిపోయి వెనక్కి తిరిగింది. తిరిగిన చోట ఎదురుగా మర్డో కనబడ్డాడు. ముందు కుక్కను తొక్కింది. తర్వాత అతన్ని గేటుకు ఆనించి నుదుటితో నొక్కింది. వదిలి, మళ్ళీ నొక్కింది. ఎముకలు విరిగిన చప్పుడు ట్రాక్టర్ మోతలో కూడా వినబడిందని నైరీ తర్వాత చెప్పింది. ఆమె ట్రాక్టర్ ముందుండే ఇనప తొట్టిని దించి ఆబోతు డొక్కలోకి గుద్దింది. అది కదల్లేదు. వెనక్కి తీసి మళ్ళీ గుద్దింది. అది పడి, లేచి, కుంటుకుంటూ కొండవైపు పోయాకే మర్డో కిందికి జారాడు. కటి ఎముక ముక్కలైంది.

డునీడిన్ ఆస్పత్రి మంచం మీంచి నాకు ఫోన్ చేశాడు. "లైల్, ఇవాళే వెళ్ళు. తలలో కాదు, పొట్టలో కాల్చు. కాసేపు తన్నుకోవాలి అది."

నేను తుపాకీ తీసుకుని వెళ్ళాను, పొట్టలో కాల్చడానికైతే కాదు. నైరీ గేటు దగ్గరే అడ్డం నిలబడింది.

"ఇప్పుడొద్దు. దాని ఒళ్ళంతా ఉడికిపోతోంది. ఇప్పుడు చంపితే మాంసం తారులా నల్లగా, జిగటగా వస్తుంది. నీకు తెలీదా?"

"తెలుసు. గొయ్యి తీసి పూడ్చెయ్. లేదంటే లారీ ఎక్కించు. దీన్ని మేపితే బార్లీ దండగ. పైగా మీ ఆయన్ని విరగ్గొట్టిన పశువు నైరీ. నోట్లో ఎలా పెట్టుకుంటావు?"

"ఆయన్ని విరగ్గొట్టింది దాని నుదురు. నుదురు నేను తిననులే." తర్వాత గొంతు తగ్గించి అంది: "పూడిస్తే కుక్కా పోయింది, మొగుడూ మంచాన పడ్డాడు, తిండి కూడా మట్టిపాలు. నాకు అక్కర్లేదా అది?"

ఒక ముసలి ఎద్దును తోడు పెట్టి సార్జెంట్‌ను చిన్న దొడ్డిలో కట్టడి చేసింది. డొక్కలో గాయం తనే కడిగింది. మొదట్లో ఆమెను చూస్తే చాలు, అది కమ్మీలను కుమ్మేది. ఒక రోజు బకెట్‌కూ కమ్మీకీ మధ్య పడి ఆమె వేళ్ళు రెండు విరిగాయి. విరిగిన చేత్తోనే కిందపడ్డ బార్లీ ఏరి మళ్ళీ తొట్టిలో పోసింది. తిట్టలేదు, కొట్టలేదు. చలికాలం నడిమికి వచ్చేసరికి అది ఆమె అడుగుల చప్పుడు వింటే మెడ చాచేది. వీపు నిండింది, తోకమొదట కొవ్వు పట్టింది.

అప్పుడే మర్డో ఊతకర్రల మీద ఇంటికొచ్చాడు. వచ్చినరోజే దొడ్డి దాకా కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి, గొట్టం తీసి, కమ్మీల్లోంచి ఆబోతు మూతి మీద కొట్టాడు. నెత్తురు కారింది. అది రంకె వేసి దొడ్డంతా తిరగసాగింది. నైరీ పరుగున వచ్చి గొట్టం లాక్కుని అతని భుజం మీద ఒక్కటి వేసింది. అతను బురదలో పడ్డాడు.

"నన్ను కొడతావే?"

"నువ్వొక్క నిమిషంలో పాడుచేశావు. ఇన్నాళ్ళూ నేను దిగమింగుకున్నదంతా ఏమైపోవాలి? నాకు కోపం లేదనుకున్నావా? రోజూ బకెట్ పట్టుకున్నప్పుడల్లా దాని కళ్ళు పొడిచెయ్యాలనిపించేది."

అతను లేవలేక అక్కడే ఉన్నాడు. లేపమని అతను అడిగేదాకా ఆమె లేపలేదు.

ఆబోతు మళ్ళీ నెమ్మదించేదాకా ఆగి, నన్ను పిలిచింది. పొద్దున్నే బార్లీ పోసింది. అది తల వంచింది. నేను గురిచూసి మీట నొక్కుతుండగానే దూరంగా కోడె రంకె వేసింది. సార్జెంట్ తలెత్తింది. గుండు నుదుట్లో కాక దవడలో దిగింది. దవడ వేలాడుతుండగానే అది గేటును పడగొట్టుకుని నా మీదికి వచ్చింది. తుపాకీ వదిలేసి వ్యాను కిందికి దూరాను. దాని నెత్తురు నా మొహం మీద చిమ్మింది. కొమ్ముతో వ్యాను తలుపు చీల్చింది.

"సార్జెంట్" అని నైరీ పిలిచింది, మేతకు పిలిచినట్టే. అది ఆమె వైపు తిరిగింది. నా తుపాకీ ఆమె చేతిలో ఉంది. అది దగ్గరికి వచ్చేదాకా ఆగి, నుదుట్లో కాల్చింది. అది ముందు మోకాళ్ళ మీద కూలింది. ఆమే వంగి గొంతు కోసింది. కోస్తూ ఏడ్చింది. అది మర్డో కోసమో, పశువు కోసమో నేనడగలేదు.

మాంసం పాడైపోయిందేమోనని భయపడ్డాను. క్షణాల్లోనే ప్రాణం పోవడం వల్ల కాబోలు, ఎర్రగానే వచ్చింది. కొవ్వు పసుపుపచ్చగా ఉంది. మెడా భుజాలూ కీమాకు తప్ప పనికిరాలేదు.

ఆ వారమే నన్ను భోజనానికి పిలిచారు. మర్డో కంచం ముట్టుకోకుండా చాలాసేపు కూర్చున్నాడు. నైరీ తన ముక్క కోసుకుని తింటోంది. చివరికి అతను ఓ ముక్క నోట్లో పెట్టుకుని నమిలాడు, ఇంకా నమిలాడు.

"దవడలు నొప్పెడుతున్నాయి" అన్నాడు.

"నిదానంగా తిను. ఫ్రీజర్ నిండా ఉంది" అంది నైరీ, విరిగి వంకరగా అతుక్కున్న వేళ్ళతో బంగాళదుంపల గిన్నె అతని వైపు జరుపుతూ.