చెట్టుకో కెప్టెన్

మా కొబ్బరికాయలు దింపే అతనికి చెట్టెక్కాకే ఆలోచనలు వచ్చేవి. ఏళ్ల తరబడి రేడియోలో వస్తున్న రాకెట్ నాటకంలో కెప్టెన్‌గా మాట్లాడే ఆయన మానేశాడట. ఇక నాటకమే ఆపేస్తారేమోనని ఇతనికి బెంగ. అందుకని ఒక్కో చెట్టు మీంచి ఒక్కో కొత్త కెప్టెన్ పేరు కేకేసేవాడు. ఏరు దాటించే పంటు నడిపేవాడన్నాడు, పోస్టుమాస్టరన్నాడు.

ఒకరోజు గబగబా దిగొచ్చి, "రేడియోవోళ్లకి కార్డు రాసిపెట్టండి, మామ్మగారూ" అన్నాడు.

లాంతర్లో కిరసనాయిలు పోయడం ముగించి, కార్డు మీద అడ్రసు రాసి, "ఎవరి పేరు?" అన్నాను.

"మీదేనండీ. కిరసనాయిలు చుక్క ఒలక్కుండా చంద్రుడి దాకా ఎళ్లొచ్చేది మీరొక్కరేనండి, ఆయ్."

"నీ పని చూసుకో" అన్నాను. అడ్రసు రాసిన కార్డు పారేయలేక నా పేరే రాశాను. ఆదివారాలు ప్రార్థన ఉంటుంది కనుక రాలేనని కింద చేర్చాను.