విశ్రాంతి దగ్గర ఆగిపోయిన కథ

ఒక కథ ముగింపు మీకు తెలిసి కూడా, దాని కోసం ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఎదురుచూసే మనిషి ముందు మీరెప్పుడైనా నోరు మూసుకున్నారా? నేను మూసుకున్నాను. పదేళ్ల పిల్లనప్పుడు. ఇవాళ బైబిల్ వాక్యం తెరిచి పదిమంది ముందు చెప్పడానికి నిలబడినా నాకు ముందు అదే గుర్తొస్తుంది...

మా చిన్నప్పుడు... అరవై తొమ్మిదో సంవత్సరం. చిక్కడపల్లిలో మేం అద్దెకున్న ఇంట్లో ఐదు వాటాలు, మధ్యలో ఒక్క కుళాయి. సినిమాకి అందరూ వెళ్లలేరు కదా... ముందు చూసొచ్చినవాళ్లు మర్నాడు కుళాయి దగ్గర కథ చెప్పాలి. చెప్పడంలో నాకు పెట్టింది పేరు. కానీ ఒక కట్టుబాటు. కథ విశ్రాంతి దాకానే! చూడదలచుకున్నవాళ్లంతా చూసొచ్చాకే మిగతాది.

ఆ వారం ఒక్కరోజు చుట్టపుచూపుగా వచ్చిన మా మేనత్త నన్ను నారాయణగూడలో మ్యాట్నీకి తీసుకెళ్లింది. స్టేషన్లో నీళ్ల కోసం దిగిన తల్లి... కదిలిపోయిన రైలు... అందులో నాలుగేళ్ల బాబు. వాణ్ణి ఎత్తుకుపోయిన దొంగ ఇంట్లోనే, తెలియక, ఆమె వంటమనిషిగా చేరుతుంది. పెట్టెల గదిలో బాబు, నోటికి గుడ్డ. బయట తల్లి. గొళ్లెం మీద చెయ్యి వేసింది... విశ్రాంతి!

ఆడవాళ్ల బెంచీలన్నీ లేచి నిలబడ్డాయి. "తియ్యవే తల్లీ, తలుపు తియ్యవే!" అని మా మేనత్త గొంతు చించుకుంది. తెరకి వినపడుతుందా? ఎంత అరిచినా మన చేతుల్లో ఏమీ లేకపోవడం... సస్పెన్స్ అంటే నా దృష్టిలో అదే, ఇంకేం కాదు. ఆట చివర తెర మీద అక్షరాలు పడ్డాయి, ముగింపు ఎవరికీ చెప్పవద్దని మనవి. నేను దాన్ని ఆజ్ఞ అనుకున్నాను.

మర్నాడు కుళాయి దగ్గర చెప్పాను. గొళ్లెం దగ్గర ఆపగానే వెనక గది కిటికీలోంచి చంద్రమ్మ గొంతు వినిపించింది.

చంద్రమ్మది పాలమూరు వైపు. భర్త బాలయ్యతో కలిసి అశోక్ నగర్లో ఇళ్లు కట్టే పనికి వెళ్లేది. ఇటుకలు మోస్తూ పైనుంచి పడి నడుము విరగ్గొట్టుకుంది. నెలన్నరగా మంచం మీదే. ఆమెకూ నాలుగేళ్ల కొడుకు... ఊళ్లో తల్లి దగ్గర వదిలి వచ్చింది. వాణ్ణి మళ్లీ చూస్తానా అన్నదే ఆమె బెంగ.

"బిడ్డా, ఆ పోరడు తల్లికి దొరికిండా?"

"అది చెప్పకూడదక్కా."

"నేనెట్ల పోయి చూస్తనే? నన్ను మోసుకపోయేటోడెవడు? జర చెవిల చెప్పు."

ఇంటి యజమానురాలు రమణమ్మగారు బిందె కింద పెట్టి నావైపు గుర్రుగా చూశారు. ఆవిడ ఆదివారం వెళ్లాలని కూర్చున్నారు. "నోరు జారావో, మీ అమ్మ మీద ఒట్టే! ఆ గదిలో గుసగుసలాడినా నా వంటింట్లోకి వినబడుతుంది. నా సినిమా కాస్తా మట్టిగొట్టుకుపోతుంది."

అందరూ నవ్వారు. చంద్రమ్మ కూడా నవ్వింది. "అట్లనా అమ్మగారూ! అయితే జల్ది పోయి చూసి రాండ్రి. మీ సినిమా మీదనే నా పానం ఉన్నది."

రోజూ అడిగేది. "మాట వద్దులే, తల ఊపు సాలు. దొరికిండంటే ఇట్ల... లేదంటే అట్ల..." నేను పెదవులు బిగించి పారిపోయేదాన్ని. నిజం చెప్పాలి... నాకు గర్వంగా కూడా ఉండేది. అంత పెద్ద మనిషి నా మాట కోసం చేతులు జోడించడం!

శనివారం ఆమెకి జ్వరంతో ఒళ్లు కాలిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి బాలయ్య రిక్షా తెచ్చాడు. ఎత్తి పడుకోబెడుతుంటే నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడన్న చెప్పు బిడ్డా..."

నేను రమణమ్మగారి ముఖం చూశాను. ఆవిడ చూపు తిప్పుకున్నారు. "సోమవారం చెప్తానక్కా. అప్పటికి ఒట్టు తీరిపోతుంది."

"సోమారమా... సరే బిడ్డా." రిక్షా వెళ్లిపోయింది.

ఆదివారం రమణమ్మగారు సినిమా చూసి కళ్లు వాచిపోయి వచ్చారు. "పాపం, చంద్రమ్మకి నేనే చెబుతానే," అన్నారు. సోమవారం ఎవరూ రాలేదు. మంగళవారం బాలయ్య ఒక్కడే వచ్చాడు, గిన్నెలూ చాపా తీసుకెళ్లడానికి. కుళాయి దగ్గర ఆగి నన్ను అడిగాడు.

"అమ్మా, గా పోరడు దొరికిండా? పోయేదాక గదే అడిగింది. దొరికిండని చెప్దామనుకున్న... తెల్వకుండ ఎట్ల చెప్త? నోరు రాలె."

"దొరికాడు," అన్నాను. "తల్లే తలుపు తీసింది."

రమణమ్మగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. బాలయ్య "దొరికిండు... దొరికిండు..." అని రెండుసార్లు అనుకుని, చాప చుట్టి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఎన్నో సినిమాలు చూశాను, ఇప్పుడు సీరియళ్లూ చూస్తున్నాను. గుండె పిండేసేవి ఉన్నాయి, ఊపిరి ఆపేసేవీ ఉన్నాయి. అయినా ఏ దర్శకుడూ నన్ను ఆ రిక్షా పక్కన నిలబెట్టినంతగా నిలబెట్టలేకపోయాడు. ఇప్పుడు సినిమా రాకముందే ముగింపు ఫోన్లోకి వచ్చేస్తోంది. ముందే చెప్పేశారని పోట్లాడుకుంటున్నారు కూడా! మేం ఒక కథ కోసం వారం ఆగేవాళ్లం... ఆ ఆగడంలో తీపి ఉంది, కాదనను. ఆగే వ్యవధి లేని మనుషులు కూడా మన మధ్యే ఉంటారని మాత్రం మాకెవరూ చెప్పలేదు.

లేఖనాలు ఎన్నిసార్లు తిరగేశానో! క్షమాపణ దొరికింది. ఆ సోమవారం మాత్రం ఎక్కడా దొరకలేదు.

అన్నలారా, అక్కలారా! మీ నోటి నుంచి ఒక్క మాట కోసం కళ్లల్లో ఒత్తులు వేసుకుని చూసే మనిషి ఎవరైనా ఉన్నారా? కోపం లేదనో, వస్తున్నాననో, నీవాళ్లు క్షేమమనో... ఏదో ఒక్క మాట! పండక్కి చెబుదాం, కుదిరినప్పుడు చెబుదాం అని దాచారా? మీ జ్ఞాపకాలు ఈ కథ కింద తర్వాత రాద్దురుగాని. ముందు లేవండి. ఈరోజే, వాళ్లు ఇంకా వినగలిగి ఉండగానే, వెళ్లి చెప్పండి!